ఏరు పొంగితే పైన వాన కురిసినట్టేనా?

శీతోష్ణస్థితి మార్పును గురించి ఎవరు ఏమి వ్రాసినా దాని కింద రెండే రకాల మాటలు కనిపిస్తున్నవి. "రేపటి వాన సంగతే సరిగా చెప్పలేనివారు నూరేళ్ళ తరువాతి సంగతి ఏమి చెబుతారు?" అని కొట్టిపారవేసేవారు ఒకరు. "కంప్యూటరు లెక్క కట్టిన తరువాత ఇక తిరుగేమున్నది?" అని చేతులు జోడించేవారు మరొకరు. ఈ ఇద్దరికీ ఒకే లోపం ఉన్నదని నా అభిప్రాయం. లెక్కను పరీక్షించే మార్గం ఒకటి ఉన్నదని ఇద్దరూ మరచిపోతున్నారు. రేపటిని చెబుతానన్న నమూనా చేత ముందు నిన్నటిని చెప్పించాలి. ఆ నిన్నటికి సాక్షిగా వచ్చిన మట్టిని, చెట్టును, గుహను కూడా ఎదురు ప్రశ్నలు వేయకుండా నమ్మరాదు. ఇద్దరి మాటా కలిసినచోట కొంత ధైర్యం కలుగుతుంది. కలవనిచోట అసలు విద్య మొదలవుతుంది.

నేను శాస్త్రజ్ఞుణ్ణి కాను. తెలుగు పండిత శిక్షణ పొంది, బడిలో తెలుగు చెప్పి, పదవీ విరమణ చేసినవాణ్ణి. అయినా ఈ విషయంలో నోరు విప్పే చనువు తీసుకోవటానికి కారణం ఉన్నది. ఈ తగవు మన తర్కశాస్త్రానికి కొత్తది కాదు.

న్యాయసూత్రాలలో గౌతముడు అనుమాన ప్రమాణాన్ని మూడు విధాలుగా విభజించాడు: పూర్వవత్తు, శేషవత్తు, సామాన్యతోదృష్టం. వాత్స్యాయన భాష్యంలో మొదటి రెంటికీ ఇచ్చిన ఉదాహరణలు వానకు సంబంధించినవే. కమ్ముకొన్న మేఘాన్ని చూచి వాన కురియబోతున్నదని ఊహించటం పూర్వవత్తు. ఇది కారణం నుంచి కార్యానికి నడిచే ఊహ. ఏరు మునుపటివలె కాక నిండుగా, వడిగా పారటం చూచి, పైన ఎక్కడో వాన కురిసిందని ఊహించటం శేషవత్తు. ఇది కార్యం నుంచి కారణానికి వెనుకకు నడిచే ఊహ.

శాస్త్రజ్ఞులు శీతోష్ణస్థితి నమూనా అని పిలిచేది అచ్చమైన పూర్వవత్తు. భూగోళాన్ని గడులుగా విభజిస్తారు. గాలికీ నీటికీ వేడికీ సంబంధించిన భౌతిక నియమాలను సమీకరణాలుగా వ్రాస్తారు. సూర్యరశ్మి ఎంత, భూకక్ష్య ఎట్లా ఉన్నది, గాలిలో బొగ్గుపులుసు వాయువు ఎంత, అగ్నిపర్వతాలు ఎంత ధూళిని చిమ్మినవి అన్న కారణాలను అందిస్తారు. ఎక్కడ ఎంత వేడి, ఎంత వాన అన్న కార్యాలను కంప్యూటరు లెక్క కట్టి ఇస్తుంది. గతకాలపు పునర్నిర్మాణం అనేది శేషవత్తు. చెట్టు వలయాల వెడల్పు, గుహలో బొట్టుబొట్టుగా పేరిన సున్నపు స్తంభం, సముద్రగర్భంలోని మట్టి పొరలు, వాటిలో చిక్కిన పుప్పొడి, ఇవన్నీ కార్యాలు. వీటిని చూచి ఆనాటి వానను, ఎండను ఊహిస్తారు. భారత వాతావరణ శాఖ ఏర్పడినదే 1875లో. అంతకు ముందటి కాలానికి, అక్కడక్కడ కొన్ని నగరాలలో తీసిన కొలతలను మినహాయిస్తే, మనకు శేషవత్తే గతి.

శేషవత్తును ఆక్షేపించినవారు ఆనాడే ఉన్నారు. న్యాయసూత్రాల రెండవ అధ్యాయంలో ఒక పూర్వపక్షం వస్తుంది. ఏరు నిండటానికి వానే కారణం కానక్కరలేదు, దిగువన అడ్డుకట్ట పడినా నిండుతుంది. ఇది రోధం. చీమలు గుడ్లను మోసుకొని పోవటం వానకు గుర్తు అంటారు, కాని పుట్టను ఎవరైనా చెదరగొట్టినా అవి ఆ పనే చేస్తాయి. ఇది ఉపఘాతం. నెమలి కూసిందని మీరు అనుకొన్నది, నెమలిని అనుకరించిన మనిషి గొంతు కావచ్చును. ఇది సాదృశ్యం. కాబట్టి అనుమానం ప్రమాణమే కాదు అని వాదం. దీనికి సిద్ధాంతి ఇచ్చిన సమాధానం నాకు ఎంతో ఇష్టం. కట్ట వలన నిలిచిన నీరు వేరు, వాననీరు వేరు. వాననీటికి వడి ఉంటుంది, నురుగు ఉంటుంది, ఆకులూ కాయలూ కట్టెలూ కొట్టుకొని వస్తాయి. గుర్తులో సగమే చూచి మోసపోయినవాడిది దోషం గాని, అనుమానానిది కాదు.

ఈనాటి శాస్త్రజ్ఞుల తగవులను చదువుతూ ఉంటే ఈ మూడు ఆక్షేపణలే మళ్ళీ మళ్ళీ ఎదురవుతున్నవి. మూడింటినీ మన తెలుగు నేలమీదనే పరీక్షించి చూపవచ్చును.

మొదటిది రోధం. దీనికి రాజోలికి మించిన చోటు లేదు. రాయచూరు జిల్లాలోని రాజోలిబండ ఆనకట్ట వేరు. నేను చెబుతున్నది తుంగభద్ర ఉత్తరపుటొడ్డున, కోటా మగ్గాలూ ఉన్న రాజోలి. ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలోనిది, 2016 నుంచి జోగులాంబ గద్వాల జిల్లాలోనిది. 2009 అక్టోబరు మొదటివారంలో తుంగభద్ర ఈ ఊరిమీద పడింది. ఇళ్ళు కూలినవి. మగ్గాలు మునిగినవి. అవతలి ఒడ్డున కర్నూలు నగరం మునిగింది, ఎగువన మంత్రాలయం మునిగింది. దిగువన కృష్ణమీద ఉన్న శ్రీశైలం జలాశయానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం వచ్చింది. ఆ ఆనకట్టను కట్టినప్పుడు అత్యధిక వరదగా లెక్క వేసుకొన్నది 19 లక్షల క్యూసెక్కులు. 885 అడుగుల వద్ద నిలువవలసిన నీరు 896 అడుగులు దాటింది.

ఇప్పుడు ఒక ప్రశ్న. వేయి సంవత్సరాల తరువాత ఒక పరిశోధకుడు వచ్చి రాజోలి ఒడ్డున గొయ్యి తవ్వి, 2009 నాటి ఒండ్రు పొరను చూస్తే ఏమని వ్రాస్తాడు? "ఆ సంవత్సరం వానలు విపరీతంగా కురిసినవి" అని వ్రాస్తాడు. అదే సంవత్సరం అడవిలో పెరిగిన ఒక చెట్టు వలయాన్ని కోసి చూచిన పరిశోధకుడు ఏమని వ్రాయవచ్చును? "ఆ సంవత్సరం గొప్ప కరువు" అని. ఇద్దరిలో ఎవరిది తప్పు?

ఎవరిదీ కాదు. 2009 జూన్ నుంచి సెప్టెంబరు వరకు దేశంలో కురిసిన వాన సగటుకన్న 22 శాతం తక్కువ. పసిఫిక్ సముద్రంలో ఎల్‌నినో ఏర్పడిన ఆ సంవత్సరం మన దేశం చూచిన పెద్ద అనావృష్టి సంవత్సరాలలో ఒకటి. ఆ ఋతువు గడువు ముగిసే వేళకు అల్పపీడనం వచ్చి, ఉత్తర కర్ణాటకలోను, కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలోను కొద్ది రోజులలో కుండపోతగా కురిసింది. పంచాంగంలో ఆ సంవత్సరం పేరు విరోధి. కరువూ వరదా ఒకే సంవత్సరంలో వచ్చి ఒకదానికొకటి సాక్ష్యాన్ని ఖండించుకొనే సంవత్సరానికి ఇంతకన్న తగిన పేరు దొరకదు.

చెట్టు ఋతువంతా తాగిన నీటిని గుర్తు పెట్టుకొంటుంది, ఏరు మూడురోజుల ఉధృతిని గుర్తు పెట్టుకొంటుంది. ప్రతి సాక్షికీ తన జ్ఞాపకశక్తి పరిధి ఉన్నది. దానికి తోడు రోధం ఉండనే ఉన్నది. రాజోలికి చేరువనే సుంకేసుల బ్యారేజీ ఉన్నది. 1860ల దశకంలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ కట్టించిన పాత ఆనకట్టకు వారసురాలు అది. ఇంకా దిగువన శ్రీశైలపు వెనుకజలాలు. కట్టలూ గేట్లూ ఉన్న ఏటిలో ఒండ్రు ఎంత ఎత్తున పేరుకొన్నదో చూచి వాన ఎంత కురిసిందో చెప్పబోతే గౌతముని నాటి పూర్వపక్షి లేచి నిలబడతాడు. నురుగునూ కట్టెలనూ కూడా చూడాలి. అంటే ఆ ఒండ్రులోని రేణువుల పరిమాణం చూడాలి, ఏ కొండరాయి పొడి కొట్టుకొని వచ్చిందో చూడాలి, ఇతర నదులలోను ఆ కాలపు పొర ఉన్నదేమో చూడాలి.

నమూనా సంగతి ఏమిటి? ప్రపంచమంతటినీ లెక్క కట్టే నమూనాలలో చాలావాటికి ఒక్కొక్క గడి ఇంచుమించు నూరు కిలోమీటర్ల వెడల్పు. రాజోలి, గద్వాల, ఆలంపూరు, కర్నూలు అన్నీ ఒకే గడిలో ఇమిడిపోతాయి. ఆ గడి అంతటికీ ఒకటే వాన. ఇంకొక చిక్కు ఉన్నది. నమూనాను 1850లో మొదలుపెట్టి వదిలితే అందులో ఎల్‌నినోలూ, కరువులూ, వరదలూ వస్తాయి గాని, మన 2009 వచ్చిన చోటనే దాని 2009 రాదు. నా బోటివానికి అర్థమయ్యే భాషలో చెప్పాలంటే నమూనా ఛందస్సు వంటిది. ఏ గణం తరువాత ఏ గణం రావచ్చునో, యతి ఎక్కడ పడాలో అది చెప్పగలదు. పోతన ఏ పద్యం వ్రాస్తాడో చెప్పలేదు. కాబట్టి "మీ నమూనా 2009 వరదను చూపించిందా?" అన్నది తప్పు ప్రశ్న. "నూరేళ్ళలో ఇటువంటి వరదలు ఎన్ని రావచ్చునంటున్నది? ఒండ్రు పొరలు ఎన్ని వచ్చినవంటున్నవి?" అన్నది సరైన ప్రశ్న. "రేపటి వాన చెప్పలేనివారు" అని ఆక్షేపించేవారికి ఇదే నా సమాధానం. పద్యం చెప్పలేకపోయినంత మాత్రాన ఛందస్సు అబద్ధం కాదు. అయితే ఆ ఛందస్సు నిజమైనదేనా అని చూడటానికి పాత పద్యాలు కావలసిందే.

రెండవది సాదృశ్యం. దీనికి తుంగభద్రను దాటి, కర్నూలు మీదుగా బనగానపల్లె దిక్కుకు వెళ్ళాలి. ఇప్పటి నంద్యాల జిల్లాలో, జుర్రేరు లోయలో జ్వాలాపురం అనే ఊరు ఉన్నది. అక్కడ నేల కింద తెల్లని బూడిద పొర ఒకటి ఉన్నది. అది మన దేశపు బూడిద కాదు. సుమారు 74,000 సంవత్సరాల కిందట సుమత్రా దీవిలో తోబా అగ్నిపర్వతం పేలినప్పుడు సముద్రం దాటి వచ్చి పడినది. గిన్నెలు తోమే పొడి కోసం కూలీలు తవ్వి తీసిన ఆ బూడిద ప్రపంచ శాస్త్రజ్ఞుల పెద్ద తగవులలో ఒకదానికి సాక్షి. మైకేల్ పెట్రాగ్లియా, రవి కోరిశెట్టర్ మొదలైనవారు అక్కడ తవ్వి 2007లో తమ ఫలితాలను ప్రకటించారు. బూడిదకు కింద రాతి పనిముట్లు ఉన్నవి, పైన కూడా దాదాపు అటువంటివే ఉన్నవి. అంటే అంతటి ఉత్పాతం తరువాత కూడా మనుషులు ఈ లోయలో మిగిలే ఉన్నారని వారి వాదం.

ఇక్కడ నమూనాలు ఏమన్నవి? 2009లో ఒక బృందం తోబా చిమ్మిన గంధకాన్ని లెక్కలో పోసి చూస్తే భూగోళపు సగటు ఉష్ణోగ్రత పది డిగ్రీల దాకా, కొన్ని లెక్కలలో అంతకు మించి కూడా, పడిపోయింది. 2010లో మరొక బృందం అదే ఉత్పాతాన్ని లెక్క కట్టి 3.5 డిగ్రీలే అన్నది. తేడా ఎక్కడ వచ్చింది? గంధకం మితిమీరి చేరినప్పుడు ఆకాశంలోని ఆమ్లపు తుంపరలు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవవుతాయి. పెద్ద తుంపర త్వరగా రాలిపోతుంది, ఎండను అంత బాగా అడ్డుకోదు. ఈ సంగతిని రెండవవారు లెక్కలో చేర్చారు. ఒక్క తుంపర పరిమాణం మీద మానవజాతి బ్రతుకు చావుల కథ ఇంతగా మారిపోయింది.

మరి సాక్షులు? బంగాళాఖాతపు మట్టిలోని పుప్పొడి, మధ్య భారతపు పాత నేలలు అడవి తగ్గి గడ్డి పెరిగిందని చెబుతున్నవని 2009లో ఒక వ్యాసం వచ్చింది. ఆఫ్రికాలోని మలావీ సరస్సు మట్టిలో తోబా బూడిద దొరికింది గాని, పెద్ద చలి వచ్చిన జాడ లేదని 2013లో మరొక వ్యాసం వచ్చింది. జ్వాలాపురంలోనే ఒక మెలిక ఉన్నది. అక్కడ బూడిద మందం కొన్నిచోట్ల రెండు మీటర్లకు మించి ఉన్నది. అదంతా ఆకాశం నుంచి పడిందే అనుకొంటే ఆ పేలుడును గురించిన ఊహ ఎక్కడికో పోతుంది. నిజానికి నేరుగా రాలినది అడుగున ఉన్న కొద్ది సెంటీమీటర్లు మాత్రమే. తక్కినదంతా చుట్టుపక్కల గుట్టల మీద పడినది తరువాత వానలకు కొట్టుకొని వచ్చి లోయలో చేరినది. రెండూ చూపుకు ఒకటే బూడిద. ఇదే సాదృశ్యం. నెమలి ఏదో, నెమలిని అనుకరించిన గొంతు ఏదో పొరలోని రేణువుల అమరికను పరిశీలించినవాడికే తెలుస్తుంది.

2021లో వచ్చిన ఒక అధ్యయనం తోబాను ఒక్కసారి కాక అనేక పర్యాయాలు, గంధకపు మోతాదును మార్చి మార్చి నమూనాలో నడిపింది. ఉత్తరార్ధగోళంలో చలి తీవ్రమనీ, దక్షిణార్ధగోళంలో మితమనీ, ఒక్కొక్క ప్రాంతానికి ఒక్కొక్క ఫలితమనీ తేల్చింది. మలావీ సాక్ష్యం ఒకటి, మరొక చోటి సాక్ష్యం ఇంకొకటి చెప్పటంలో వైరుద్ధ్యం ఉండనక్కరలేదని దీనివలన తెలిసింది. సాక్షులు పోట్లాడుకొంటున్నప్పుడు, ఇద్దరి మాటా నిజం కావటానికి వీలున్నదా అని చూపించటం నమూనా చేసిన మేలు.

మూడవది ఉపఘాతం, అంటే మనిషి చేయి. గోదావరి సముద్రంలో కలిసే చోటికి ఎదురుగా, బంగాళాఖాతపు అడుగున తీసిన మట్టి స్తంభాన్ని ఆధారం చేసుకొని 2012లో ఒక ప్రసిద్ధ వ్యాసం వచ్చింది. ఆకులమీద సన్నని మైనపు పూత ఉంటుంది. అది ఏటి వెంట కొట్టుకొని పోయి సముద్రపు మట్టిలో వేల ఏళ్ళు చెడకుండా ఉంటుంది. చెట్ల మైనంలోను, ఎండకు ఓర్చే గడ్డిజాతుల మైనంలోను కార్బన్ ఐసోటోపుల పాళ్ళు వేరు. దానినిబట్టి గోదావరి పరీవాహక ప్రాంతంలో సుమారు 4,000 సంవత్సరాల కిందటి నుంచి 1,700 సంవత్సరాల కిందటి దాకా ఎండకు ఓర్చే మొక్కలు క్రమంగా పెరిగినవనీ, ఆ తరువాత అవే నిలిచిపోయినవనీ తేలింది. నమూనాల లెక్క కూడా ఆ దిక్కునే నడుస్తున్నది. ఆరువేల ఏళ్ళ కిందట భూకక్ష్య అమరికను బట్టి ఉత్తరార్ధగోళానికి వేసవి ఎండ ఇప్పటికన్న ఎక్కువగా పడేది, ఋతుపవనం బలంగా ఉండేది. తరువాత ఎండ తగ్గుతూ వచ్చింది, ఋతుపవనం సన్నగిల్లుతూ వచ్చింది.

ఇద్దరి మాటా కలిసింది గదా అని సంతోషించేలోపల చీమలపుట్ట గుర్తుకు రావాలి. నాలుగువేల ఏళ్ళ కిందట ఈ దక్కను మీద మనిషి పశువులను మేపుతున్నాడు. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో 1957లో ఆల్చిన్ తవ్విన బూడిద దిబ్బ ఆనాటి పశువుల కొట్టాలదే. అడవిని కొట్టి పొలం చేసినా, పశువులు మేసినా, చెట్టు పోయి గడ్డి వస్తుంది. అప్పుడు ఆకుమైనం చెప్పేది వాన తగ్గిన కథా, గొడ్డలి పడిన కథా? అదే గోదావరి మట్టిని పరిశీలించి, గత కొన్ని వేల సంవత్సరాలలో నేల కోత ఎక్కువ కావటంలో సాగు పాత్ర ఉన్నదని 2017లో ఒక పరిశోధన చెప్పింది కూడా. మరి తీర్పు ఎట్లా? ఆ మట్టి స్తంభంలోనే ఆకుమైనంతో పాటు సముద్రజీవుల సూక్ష్మమైన గవ్వలు ఉన్నవి. గత మూడువేల ఏళ్ళలో, మరీ ముఖ్యంగా 1,700 ఏళ్ళ నుంచి, బంగాళాఖాతపు నీరు మునుపెన్నడూ లేనంత ఉప్పగా మారిన సందర్భాలు పలుమార్లు వచ్చినవని అవి చెబుతున్నవి. నదుల నుంచి మంచినీరు తగ్గితేనే సముద్రం అట్లా ఉప్పగిల్లుతుంది. గొడ్డలి అడవిని కొట్టగలదు గాని బంగాళాఖాతాన్ని ఉప్పు చేయలేదు. సిద్ధాంతి అడిగిన నురుగూ ఆకులూ కట్టెలూ అంటే ఇవే. మనిషి చేయి ఉన్నది, వాన తగ్గటమూ ఉన్నది.

ఇంతకూ నమూనా, సాక్ష్యం తగవుపడినప్పుడు గెలుపు ఎవరిది? చరిత్ర చూస్తే పక్షపాతం కనిపించదు. సుమారు 21,000 ఏళ్ళ కిందటి హిమయుగంలో ఉష్ణమండల సముద్రాలు అంతగా చల్లబడలేదని క్లైమాప్ అనే పెద్ద పరిశోధన బృందం 1970లు, 80లలో పటాలు గీసింది. ఆ పటాలను నమూనాలో పెట్టి చూస్తే, అదే మండలంలోని పర్వతాల మీద మంచుగీత అంత కిందికి దిగిన సాక్ష్యంతో పొసగలేదు. తరువాత వచ్చిన పగడాల, భూగర్భజలాల సాక్ష్యాలు సముద్రాలు నిజంగానే చల్లబడినవన్నవి. ఆ తగవులో తప్పిపోయింది సముద్రపు మట్టిని చదివిన తీరు. ఆరువేల ఏళ్ళ కిందట సహారా ఎడారిలో సరస్సులూ పచ్చికా ఉండేవనటానికి సాక్ష్యాలు కోకొల్లలు. అంత వానను మాత్రం నమూనాలు చాలాకాలంగా కురిపించలేకపోతున్నవి. అక్కడ తప్పిపోయింది నమూనా.

మూడవ ఉదాహరణ మనందరి భవిష్యత్తుకు సంబంధించినది. అమెరికాలోని ఒక ప్రముఖ నమూనా కొత్త రూపం, గాలిలోని బొగ్గుపులుసు వాయువు రెట్టింపైతే భూమి అయిదు డిగ్రీలకు పైగా వేడెక్కుతుందన్నది. గత నూటయాభై ఏళ్ళ ఉష్ణోగ్రతను అది చక్కగానే చెప్పగలిగింది. అదే నమూనాను హిమయుగానికి తీసుకొని పోయి అడిగితే భూమి పదకొండు డిగ్రీలకు మించి చల్లబడిందన్నది. సాక్ష్యాలన్నీ కలిపి చూస్తే చల్లబడినది సుమారు ఆరు డిగ్రీలు. మబ్బులను లెక్క కట్టే తీరులో దోషం ఉన్నదని అప్పుడు బయటపడింది. 2021లో ఐక్యరాజ్యసమితి శీతోష్ణస్థితి సంఘం, వాయువు రెట్టింపైతే పెరిగే వేడి బహుశా 2.5 నుంచి 4 డిగ్రీల మధ్య ఉంటుందన్నది. 2013 నివేదికలో అది 1.5 నుంచి 4.5. ఆ అంతరం తగ్గటానికి తోడ్పడిన ఆధారాలలో గతకాలపు సాక్ష్యం ఒకటి. అది కింది అంచును పైకి తెచ్చిందని కూడా గమనించాలి. గతాన్ని అడిగితే భయం తగ్గుతుందని ఆశించేవారికి, గతం ఆ హామీ ఇవ్వలేదు.

గత నూటయాభై ఏళ్ళను సరిగా చెప్పటం ఎందుకు చాలదు? తాళపత్ర ప్రతులతో పని చేసినవారికి ఇది వెంటనే తెలుస్తుంది. ఒక కావ్యానికి పది ప్రతులు దొరికి, పదింటిలోను ఒకే పాఠం ఉంటే బలమైన సాక్ష్యమే. కాని ఆ పదీ ఒకే మాతృక నుంచి ఎత్తి వ్రాసినవైతే, పది ప్రతులు ఒక్క ప్రతితో సమానం. నమూనాలో కొన్ని విలువలను గత శతాబ్దపు కొలతలకు సరిపోయేటట్టు సవరించుకొంటారు. ఆ తరువాత ఆ శతాబ్దంతోనే పోల్చి సరిపోయిందనటం, ఎత్తి వ్రాసిన ప్రతిని మాతృకతో పోల్చి మెచ్చుకోవటం వంటిది. నమూనా ఎన్నడూ చూడని కాలంతో పోల్చినప్పుడే అది స్వతంత్రమైన పరీక్ష. హిమయుగమూ, తోబా చలీ, పచ్చని సహారా అందుకే కావాలి. ఇటీవల నమూనా లెక్కనూ సాక్ష్యాన్నీ కలగలిపి గతాన్ని పునర్నిర్మించే పద్ధతులు కూడా వచ్చినవి. అవి ఉపయోగకరమైనవే. అయితే వాటిని మళ్ళీ అదే నమూనాకు పరీక్షగా పెట్టరాదు. ప్రతిలో పరిష్కర్త చేసిన సవరణను ప్రాచీన పాఠమని ఉదాహరించినట్టు అవుతుంది.

ఇందులో తెలుగువారు చేయగల పని ఏమిటి? చాలా ఉన్నది. మన పెద్దలు కరువులను సంవత్సరాల పేర్లతో గుర్తు పెట్టుకొన్నారు. 1832–33 నాటిది నందన కరువు. 1876–77లో వచ్చింది ధాత కరువు. ఆసియా అంతటా సేకరించిన చెట్టు వలయాల నుంచి 2010లో తయారైన అనావృష్టి పటాలలో 1876–78 నాటి మహాకరువు స్పష్టంగా కనిపిస్తుంది. బస్తరులోని దండక్ గుహ స్తంభం క్రీ.శ. 600 నుంచి 1500 వరకు వానల కథ చెబుతూ, 14వ శతాబ్దం నడుమ నుంచి 15వ శతాబ్దం నడుమ వరకు ఋతుపవనం బలహీనపడిందంటున్నది. దక్కనులో దుర్గాదేవి కరువుగా ప్రసిద్ధమైనది ఆ కాలంలోనిదే. శాసనమూ, కైఫీయతూ, గుహా, చెట్టూ ఒకే మాట చెప్పినచోట సాక్ష్యం గట్టిపడుతుంది.

అయితే మన సాక్ష్యానికీ ఎదురు ప్రశ్న తప్పదు. చక్ర సంవత్సరాలు అరవై ఏళ్ళకు ఒకసారి తిరిగి వస్తాయి. ఒక కాగితంలో ధాత నామ సంవత్సరమని మాత్రమే ఉండి శకసంవత్సరం లేకపోతే, అది 1876 కావచ్చును, 1816 కావచ్చును. మట్టి పొరకు వయస్సు కట్టే శాస్త్రజ్ఞుడి అవస్థ కూడా ఇదే. యాభై ఏళ్ళు అటో ఇటో అయితే, ఏ అగ్నిపర్వతానికి ఏ కరువును ముడిపెట్టాలో తెలియదు. "మన పూర్వులకు అన్నీ తెలుసు" అని చేతులు కట్టుకొని కూర్చుంటే పూర్వులకు గౌరవం చేసినట్టు కాదు. వారు ఏమి చూచారో, ఎప్పుడు చూచారో తేల్చటమే వారికి గౌరవం.

మళ్ళీ శ్రీశైలానికి వస్తాను. 19 లక్షలకు కట్టిన చోటికి 25 లక్షలు వచ్చినవి. ఆ ఆనకట్ట నిలిచింది, మన అదృష్టం. అప్పటి లెక్కకు ఆధారం కొద్ది దశాబ్దాల కొలతలు. నది వయస్సు ముందు అది కన్ను మూసి తెరిచినంత కాలం. రేపు ఏ ఊరిని ఏ ఎత్తున కట్టాలి, ఏ కట్టకు ఎన్ని గేట్లు పెట్టాలి అన్న నిర్ణయాలు ఇకమీద నమూనాలను చూచే జరుగుతాయి. ఆ నమూనాలను మన నదుల గతంతో పరీక్షించకుండా వాడుకొంటే రాజోలివంటి ఊళ్ళే మూల్యం చెల్లించాలి. అసలు నమూనాలనే వద్దని పారవేసినా మూల్యం చెల్లించేది ఆ ఊళ్ళే. తుంగభద్ర, కృష్ణ ఒడ్డులలో పాత వరదల ఒండ్రు పొరలను వెదికి, వయస్సు కట్టి, లెక్కలతో పోల్చే పనిని ప్రభుత్వమూ, విశ్వవిద్యాలయాలూ ఆనకట్టల భద్రతలో భాగంగా చేపట్టాలని నా దృఢమైన అభిప్రాయం.

మిత్రులారా, ఆ పనిలో మన వంతు కూడా కొంత ఉన్నది. మీ ఊరిలో 2009 నీరు ఎక్కడి దాకా వచ్చిందో చూచినవారు ఇంకా ఉన్నారు. గోడమీది గీత సున్నం వేస్తే పోతుంది, గుడిమెట్టు పోదు. ఏ తేదీన, ఏ మెట్టు దాకా, ఎన్ని గంటలు, ఎవరు చూడగా అన్నది వ్రాయండి. దిగువన వంతెనో కట్టో ఉంటే అదీ వ్రాయండి, లేకపోతే రోధం సంగతి తేలదు. మీ ఇంటి పాత కాగితాలలో కరువు మాట ఉంటే సంవత్సరం పేరుతో పాటు శకమో, ఫసలీయో, హిజ్రీయో ఏది ఉంటే అది ఉన్నదున్నట్టు ఎక్కించండి. ఇక్కడ వ్యాఖ్యగా వ్రాసినా సరే, మీ మీ బ్లాగులలో టపాగా వ్రాసినా సరే. నేను చెప్పినదానిలో శాస్త్రవిషయంలో గాని తర్కవిషయంలో గాని భిన్నాభిప్రాయం ఉన్నవారు నిర్మొహమాటంగా తెలుపవలసిందని ప్రార్థన. పూర్వపక్షం లేనిదే సిద్ధాంతం లేదు.